ఆదివారం రెండున్నరకి

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటిందంటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. మా ఆయన భోంచేసి ముందుగదిలో కూలరు వేసుకుని పడుకుంటారు. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఆ వేళప్పుడు ఇంట్లో నాతో పని ఉన్నవాళ్ళెవరూ ఉండరు. అంట్లు సింకులో వదిలేసి, ఫోను ఛార్జింగు చూసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెనకగదిలో కూర్చుంటాను. రెండూ ఇరవైకల్లా ఆట తెరుస్తాను. ఆటలో కోట ముందు ఒక పెద్ద వసారా ఉంటుంది. కోటలోకి వెళ్ళాల్సిన నలుగురూ ముందు అక్కడ కలుసుకోవాలి. ఇప్పుడు నేను వెళ్ళేసరికి అక్కడ ఎవరూ ఉండరు. మూడేళ్ళ పాటు ఒకతను ఉండేవాడు. నాకంటే ముందే వచ్చి, తన బొమ్మ చేత గంతులు వేయిస్తూ, "ఏం కూరక్కా ఇవాళ?" అని అడిగేవాడు. ఆ మాట విని ఏడాది దాటింది. దానికోసం ఎంత మొహం వాచిపోయానో ఎవరికీ చెప్పుకోలేదు. నలభై నాలుగేళ్ళ లెక్కల టీచరు ఫోన్లో ఆటాడుతుందని చెప్పుకోవడానికే నామోషీ. ఆ ఆటలో దొరికిన తమ్ముడి మీద బెంగ పెట్టుకుందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు?

మేముండేది నల్లపాడులో. గుంటూరులో ఒక స్కూల్లో చెబుతాను. నాకు ముక్కు మీద కోపం. ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే మరీను. బెల్లు కొట్టాక గుమ్మంలోకి వచ్చిన పిల్లల్ని పాఠం అయ్యేదాకా అక్కడే నిలబెడతాను. పెళ్ళికి పిలిస్తే ముహూర్తానికి గంట ముందే వెళ్ళి, ఇంకా కుర్చీలు తుడుస్తున్నవాళ్ళకి అడ్డం తగులుతుంటాను. "నువ్వు పుట్టేటప్పుడు మంత్రసాని ఆలస్యంగా వచ్చిందని కేకలేసే ఉంటావు" అని మా ఆయన ఆటపట్టిస్తారు. నవ్వుతాను గానీ, లోపల మాత్రం కేకలు వెయ్యాల్సిందే కదా అనిపిస్తుంది.

ఈ ఆట నాకు కరోనా ఏడాది అంటుకుంది. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొత్త ఫోనూ, ఇయర్‌ఫోన్లూ కొన్నాం. పిల్లలు కెమెరాలు ఆపేసుకుని కూర్చుంటే గోడకి పాఠం చెప్పినట్టు ఉండేది. క్లాసు అయ్యాక ఎవరితోనన్నా మాట్లాడితే బాగుండుననిపించేది. అలా ఆటలోకి దిగాను. నా బొమ్మకి గడ్డం, డాలు, ఎద్దు మూపులాంటి భుజాలు పెట్టుకున్నాను. ఒకరోజు ఎవరెవరో కలిసిన గుంపులో "ఒరేయ్ గడ్డపోడా, ఎడంపక్కకి రారా, చస్తావు" అని అచ్చ తెలుగులో వినపడింది. మన గుంటూరు, ఒంగోలు మధ్య గొంతు. "ఇంకోసారి ఒరేయ్ అన్నావంటే పళ్ళు రాలతాయి" అన్నాను. అవతలనుంచి "సారీ మేడమ్" అని సన్నగా వినపడింది. నాలుగు రోజులు మేడమ్ అన్నాడు, మీరు అన్నాడు. తర్వాత అక్కా అన్నాడు, నువ్వు అన్నాడు. నేను తమ్ముడూ అన్నాను. అసలు పేర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

పర్చూరు దగ్గర ఒక పల్లెటూరు వాళ్ళది. తండ్రితో కలిసి మిరప వేస్తాడు. డిగ్రీ రెండో ఏడు వదిలేశాడు. ఇంట్లో సిగ్నలు అందదు, సెల్ టవరు పక్కనే వాళ్ళ కల్లం. అందుకని కాయలు ఆరబోసిన నెలల్లో కాపలాకి కల్లంలోనే ఉంటూ, టార్పాలిన్ పట్ట కప్పిన పాక కింద కూర్చుని ఆడేవాడు. కోత లేని నెలల్లో కూడా ఆదివారం మధ్యాహ్నం నడుచుకుంటూ కల్లం దాకా వెళ్ళేవాడు. ఎవరన్నా అడిగితే పొలం చూసొస్తానని చెప్పేవాడట. "ఆట అంటే మా నాన్న ఫోను తీసుకెళ్ళి బావిలో వేస్తాడక్కా" అని నవ్వేవాడు.

మిగతా ఇద్దరూ తర్వాత కలిశారు. ఒకామె ఒంగోల్లో నర్సు. ఇంకొకాయన చిలకలూరిపేటలో మోటార్లకి వైండింగు చేసే సాయిబు గారు, నాకంటే పెద్దవాడు, మహా నిదానం. నలుగురికీ నాలుగు పనులు. డాలు పట్టుకుని ముందు నిలబడేది నేను. సాయిబు గారిది గొడ్డలి. నర్సమ్మకి వైద్యం పని ఇవ్వబోతే "డ్యూటీలో చేసేదే ఇక్కడా చెయ్యాలా?" అని విల్లు తీసుకుంది. వైద్యం తమ్ముడికి వచ్చింది. మాలో ఎవరికి దెబ్బ తగిలినా అతను వెనకనుంచి నీలంరంగు వెలుగొకటి వేస్తే ప్రాణం లేచొచ్చేది. అతను లేకపోతే మిగతా ముగ్గురం అయిదు నిమిషాలు కూడా నిలబడలేం.

కోటకి ఏడు తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో రాకాసి. మొత్తం గంటన్నర పని. మధ్యలో ఒకరు పోయినా మళ్ళీ మొదటి తలుపు దగ్గరికే రావాలి. అలాంటిచోట పద్ధతి లేకపోతే కుదరదు. ఆ జట్టుకి పెద్దని నేనే అయ్యాను. నన్నెవరూ ఎన్నుకోలేదు, అందరికంటే కోపం ఎక్కువ ఉన్నదాన్ని కాబట్టి నా మాట సాగింది. రెండున్నరంటే రెండున్నరే. పది నిమిషాలు చూస్తాం, ఆ తర్వాత రాని మనిషి కోసం ఎదురుచూడం. రాలేకపోతే ముందురోజే చెప్పాలి. చెప్పకుండా మూడు ఆదివారాలు మానేస్తే పేరు తీసేస్తాను. మైకు దగ్గర పల్లీలు నమలకూడదని సాయిబు గారి కోసం ప్రత్యేకంగా పెట్టాను. ఆయన పాపం ఆ తర్వాత బెల్లం చప్పరించేవాడు. బయల్దేరబోతుండగా ఎవరన్నా తుమ్మితే మాత్రం నలుగురం ఆగి, ఎవరింట్లో వాళ్ళు లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. లెక్కలు చెప్పేదాన్నే అయినా తుమ్మాక ఏడో తలుపు దాకా వెళ్ళే ధైర్యం నాకు లేదు.

అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది ఇంకొకటుంది. అది మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. మా ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో బంతి మొత్తం లేచేదాకా ఎవరూ లేవకూడదు. మన తిండి అయిపోయినా, చెయ్యి ఎండిపోతున్నా, పక్కాయన పెరుగన్నం ముగించేదాకా ఆకు ముందు కూర్చోవాల్సిందే. మధ్యలో లేస్తే పక్కనున్నవాళ్ళని అవమానించినట్టు. ఆరేళ్ళప్పుడు నేను లేవబోతే నాయనమ్మ జడ పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ సంగతి మావాళ్ళకి చెప్పి, "ఇదీ బంతే. ఎవరికి ఎంత పనున్నా అందరం కలిసే లేవాలి" అన్నాను. ముగ్గురూ బంతి భోజనాలు ఎరిగినవాళ్ళే. వెంటనే ఒప్పుకున్నారు. వేరే దేశంలో ఎవరో ఎవరికోసమో తయారుచేసిన ఆటలో మా నాయనమ్మ మాట అలా చెల్లుబాటైంది.

ఇంత పద్ధతి పెట్టుకున్నా, నాకు ఆ గంటన్నర కంటే ముందు పది నిమిషాలే ఇష్టం. సాయిబు గారూ నర్సమ్మా సరిగ్గా రెండున్నరకి వచ్చేవాళ్ళు. నేను రెండూ ఇరవైకి వచ్చేదాన్ని. తమ్ముడు ఎప్పుడొచ్చేవాడో గానీ, నేను వచ్చేసరికి వసారాలో గంతులు వేస్తుండేవాడు. ముందు కూర. కోడికూరంటే "ముక్కలేం మిగిల్చావక్కా?" అనేవాడు. దోసకాయ పప్పంటే "అయ్యో, ఆదివారం పూటా?" అని జాలిపడేవాడు. వాళ్ళింట్లో గోంగూర రొయ్యలు వండితే నా నోరూరేదాకా చెప్పేవాడు. తర్వాత చేను. నల్ల తామర పురుగు పూతంతా ఎలా నాకేసిందో, మొక్కల దగ్గర కూర్చుని వాళ్ళమ్మ ఎలా ఏడ్చిందో చెప్పేవాడు. నేను ఫిరంగిపురం వైపు రైతు కూతుర్ని. పద్దెనిమిదేళ్ళు మిరపచేలలో తిరిగి, ఉద్యోగం వచ్చాక చేను మొహం చూడలేదు. అతను చెబుతుంటే కల్లంలో కాయల ఘాటు ముక్కుకి తగిలినట్టే ఉండేది. నాకు సొంత తమ్ముళ్ళు లేరు. రోజంతా నాతో మాట్లాడేవాళ్ళు చాలామందే ఉంటారు. నేనేం తిన్నానో అడిగేవాళ్ళు మాత్రం అతనొక్కడే.

ఏడో తలుపు మాత్రం మాకు లొంగలేదు. ఎన్ని వారాలు కొట్టుకున్నామో లెక్కలేదు. కిందటేడు మార్చిలో ఒక ఆదివారం ఇంక నిమిషంలో రాకాసి పడిపోతుందనగా తమ్ముడి బొమ్మ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయింది. నీలం వెలుగు రాలేదు. ముగ్గురం వరసగా చచ్చాం. నేను ఇయర్‌ఫోన్లు పీకి మంచం మీద కొట్టి, మళ్ళీ పెట్టుకున్నాను. మూడు నిమిషాలకి రొప్పుకుంటూ వచ్చాడు. "గొర్రెల మంద కల్లం మీదికి వచ్చిందక్కా, అదిలించొచ్చా" అన్నాడు.

ఆ రోజు నేను నోరు పారేసుకున్నాను. మిగతా ఇద్దరూ వింటుండగానే పారేసుకున్నాను. "గొర్రెలు ముఖ్యమా, మేం ముఖ్యమా?" అన్నాను. "నీ ఒక్కడి వల్ల ముగ్గురి గంటన్నర గంగపాలైంది. పెద్దలు లేవకుండా బంతిలోంచి లేచే మనిషిని ఎవరన్నా మళ్ళీ పిలుస్తారా?" అన్నాను. సాయిబు గారు "పోనీలే టీచరమ్మా, రైతుబిడ్డ" అని సర్దబోతే ఆయన్నీ కసిరాను. తమ్ముడు చివరిదాకా విన్నాడు. "తప్పైందక్కా. ఈసారి ఏమైనా సరే లేవను" అన్నాడు. "మాట మీద నిలబడు" అన్నాను. క్లాసులో పిల్లలతో అన్నట్టే అన్నాను. ఆ సాయంత్రం కొంచెం అతిగా అన్నానేమో అనిపించింది. వచ్చే ఆదివారం కూర సంగతి మాట్లాడుకుంటే సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం అతను నాకంటే ముందే ఉన్నాడు. కూర అడిగాడు. ఇవాళ నాన్న బంధువుల పెళ్ళికి వెళ్ళాడని, కల్లంలో తానొక్కడే ఉన్నానని, రెండో కోత కాయంతా పరిచి ఉందని చెప్పాడు. ఈసారి గొర్రెలు రాకుండా ముళ్ళకంప కూడా అడ్డం వేశానన్నాడు. బాగా నవ్వుకున్నాం. రెండున్నరకి బయల్దేరాం. ఎవరూ తుమ్మలేదు. ఒక్కో తలుపూ ఎప్పుడూ లేనంత సులువుగా తెరుచుకుంది. మూడూ ముప్పావుకి ఏడో తలుపు దగ్గరున్నాం. మా నల్లపాడులో ఎండ పెళపెళలాడుతోంది. రాకాసి సగం ప్రాణం పోయిందనగా అతని మైకులోంచి ఏదో మోత మొదలైంది. టపటపమని, ఆగకుండా. దాని వెనక దూరంగా గుడగుడమని ఇంకో చప్పుడు. నేను చెప్పేది మిగతా ఇద్దరికీ వినపడటం లేదు. "తమ్ముడూ, నీ వైపునుంచి మోత. మ్యూట్ పెట్టుకో" అన్నాను. "అక్కా..." అన్నాడు. "మ్యూట్" అన్నాను మళ్ళీ. మోత ఆగిపోయింది.

నీలం వెలుగు మాత్రం ఆగలేదు. పావుగంట సేపు, ఒక్కసారి కూడా తడబడకుండా, ఎవరికి ఎప్పుడు కావాలో అప్పుడు వచ్చింది. ఏడో తలుపు తెరుచుకుంది. నర్సమ్మ కేక పెట్టింది. సాయిబు గారు అల్లాని తలుచుకుని, మైకు దగ్గరే పల్లీలు నమిలారు. మా ఆయన నిద్రలేచి ఏమైందని పరిగెత్తుకొచ్చారు. ఆ గోలలో తమ్ముడి గొంతు వినపడలేదని నేను గమనించలేదు. తెర మీద మాత్రం "వస్తానక్కా" అని అక్షరాలు కనిపించాయి. వెంటనే అతని బొమ్మ మాయమైంది.

మరుసటి ఆదివారం రెండూ ఇరవైకి వసారా ఖాళీగా ఉంది. రెండున్నరకి ఇద్దరూ వచ్చారు. పది నిమిషాలు చూశాం. నేను ఇంకో పది నిమిషాలు చూద్దామన్నాను. నా అంతట నేను అలా అనడం అదే మొదలు, నర్సమ్మ ఆశ్చర్యపోయింది. అతను రాలేదు. ఆ వారం ఎవరం ఆడలేదు. రెండో ఆదివారమూ అంతే. మాట అన్నందుకు అలిగాడనుకున్నాను. అలిగితే చెప్పి అలగొచ్చు కదా, ఇదేం మర్యాదని ఒళ్ళు మండింది. అతని ఫోను నంబరు ఎప్పుడూ అడగలేదు, ఆటలోనే నాలుగు ఉత్తరం ముక్కలు పెట్టాను. మొదటి రెండూ ప్రేమగానే రాశాను, మిగతా రెండూ పంతులమ్మలాగా రాశాను. ఒక్కటీ చదివిన గుర్తు పడలేదు. మూడో ఆదివారం రెండూ నలభైకి, నేను పెట్టిన పద్ధతి ప్రకారం, నా చేత్తోనే అతని పేరు తీసేశాను. "ఇంకో నాలుగు వారాలు చూద్దాం" అని సాయిబు గారు అన్నారు. "ఒకరికొక న్యాయం, ఇంకొకరికొక న్యాయం కుదరదండీ" అన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

ఆ వారం మధ్యలో సాయిబు గారు నాకు ఫోను చేశారు. ఆయన ఎప్పుడూ ఫోను చేసే మనిషి కాదు. పర్చూరు వైపునుంచి ఒక రైతు మోటారు తెచ్చాడట. వైండింగు అయ్యేదాకా కూర్చుని కబుర్లు చెప్పాడట. మనం ఏడో తలుపు గెలిచిన ఆదివారమే, మనం ఆడుతున్న వేళకే, వాళ్ళ వైపు నాలుగైదు ఊళ్ళ మీద ఉన్నట్టుండి వాన పడిందట. గంటసేపు కుండపోత. పట్టలు కప్పుకున్నవాళ్ళ కాయ దక్కింది, కప్పుకోనివాళ్ళ కాయ కల్లంలోనే నానిపోయింది. "తమ్ముడి ఊరు పేరు కూడా చెప్పాడు టీచరమ్మా" అన్నారు. "ఆ మోత..." అన్నారాయన. "అవునండీ" అన్నాను.

ఇంతదాకా రాసినదాన్ని, ఇది కూడా రాయాలి. సాయిబు గారికి తెలియదు, నర్సమ్మకి తెలియదు, వాళ్ళు కల్లంలో పెరగలేదు. నేను పెరిగాను. టార్పాలిన్ పట్ట మీద లావు చినుకులు పడితే ఎలా ఉంటుందో నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వినపడితే ఇల్లంతా కంచాల ముందునుంచి లేచి కల్లానికి పరిగెత్తేది. అప్పుడు మా నాయనమ్మ కూడా లేచేది. ఆమె బంతి పెళ్ళిళ్ళకే, వాన మబ్బుకి కాదు. ఆ ఆదివారం ఆ మోత చెవిన పడగానే, వాన కదా అని నా మనసుకి తట్టింది. రెప్పపాటు తట్టింది. రాకాసికి సగం ప్రాణమే మిగిలింది. నేను మ్యూట్ పెట్టుకోమన్నాను. అతను అక్కా అని ఆగింది, వెళ్ళమని నా నోటితో చెబుతానేమోనని. ఇది ఎలా తిరగేసి చూసినా మరోలా కనిపించదు.

తర్వాతి ఆదివారం రాలేనని ముందురోజే ఇద్దరికీ చెప్పాను. మా ఆయనతో తోటి టీచరు ఇంట్లో పూజని అబద్ధమాడి పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కాను. అక్కడ మారి పర్చూరు, పర్చూరులో మారి వాళ్ళ ఊరు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ముందు అతని దగ్గర తప్పు ఒప్పుకోవాలి. తర్వాత వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకునైనా సరే, తప్పు నాదని, మీవాణ్ణి ఏమీ అనొద్దని చెప్పాలి. ఆ తర్వాత ఆటలోకి రమ్మని అడగాలి. పేరు తెలియదు, మొహం తెలియదు. ఆ సంగతి బస్సు దిగాక గానీ నాకు తోచలేదు. ఊళ్ళో ఎవరినని అడుగుతాను? తలెత్తితే సెల్ టవరు కనిపించింది. కొంగు నెత్తిన వేసుకుని దానికేసి నడిచాను.

టవరు కింద ఒకటే కల్లం ఉంది. మడమ లోతు కాయ. సగం ఎరుపు, సగం తెలుపు. తడిసి రంగుపోయిన కాయలు అలా తెల్లబడతాయి, తాలుకాయలంటాం, కొనేవాళ్ళు వాటి మొహం చూడరు. అయిదారుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎర్రవీ తెల్లవీ వేరుచేస్తున్నారు. వాళ్ళ పక్కన ఒక ముసలాయనా, భారీ మనిషొకడూ వంగి ఉన్నారు. మీసాలు, నల్లగా కమిలిపోయిన మెడ, చొక్కా జేబులో చిన్న బటన్ల ఫోను. ఇతను కాడులే అనుకున్నాను. మూడేళ్ళుగా నా ఊహలో తమ్ముడు బక్కపలచటి కుర్రాడు. అంతలో ఆ మనిషి నన్ను చూసి నడుం నిటారుగా చేసి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

ఆ గొంతే. అండీ అన్నాడు గానీ, ఆ గొంతే. పక్కనున్న పాక గుంజ పట్టుకున్నాను. తమ్ముడూ అనబోయాను. ఈలోగా ముసలాయన "ఎండకి సొమ్మసిల్లేట్టుంది, అమ్మకి మంచినీళ్ళివ్వరా" అన్నాడు. నన్ను పాక కింద గోనెసంచి మీద కూర్చోబెట్టారు. తమ్ముడు సీసా తెచ్చి ఇచ్చాడు. నీళ్ళు తాగుతుంటే ముసలాయన కాయల వైపు చెయ్యి చూపించి, దారిన పోయే మనిషికి చెప్పుకున్నట్టు చెప్పాడు. "చూడమ్మా మా రాత. నేను ఊళ్ళో లేని పూట వానొచ్చింది. వీడు ఇక్కడే, ఈ పాక కిందే ఒళ్ళెరక్కుండా నిద్రపోయాడు. రాత్రంతా నీళ్ళు కట్టాడు, అలిసిపోయాడు, ఏమంటాం? అంత నిద్ర పట్టిందేంట్రా అని ఒకమాట అన్నందుకు, ఆ పెద్ద ఫోను అమ్మి కూలీలకిచ్చేశాడు. నెలరోజులై నోట్లోంచి మాట రావటంలేదు."

తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు. వాళ్ళ నాన్నతో నిద్రపోయానని చెప్పాడన్నమాట. అలిసిపోయి నిద్రపోయిన కొడుకుని తండ్రి క్షమించాడు, ఊరూ క్షమించింది. మేలుకుని, వాన చప్పుడు వింటూ, కాయ తడుస్తుంటే ఫోన్లో ఎవరికో వైద్యం చేశాడంటే ఎవరు క్షమిస్తారు? దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. ఒక్కమాట బయటికొస్తే అతను నా గొంతు పోల్చుకుంటాడు. అక్కా అంటాడు. వాళ్ళ నాన్న ఎవర్రా ఈమె అంటాడు. నా బరువు దించుకోవడానికి నేను వచ్చాను, దించుకోవాలంటే ఆ బరువు తీసుకెళ్ళి అతని నెత్తిన పెట్టాలి. అప్పుడు నాకు జీవితంలో మొదటిసారి నోరు మూసుకోవడం చేతనైంది.

సీసా తిరిగిచ్చి, చేతులు జోడించాను. మూగదాన్ననుకున్నాడో ఏమో, అతను కొంచెం పెద్దగా, ఒక్కొక్క మాటా విడదీసి, "బస్సు టైముకే వస్తుందండీ. నిదానంగా నడవండి" అన్నాడు. తలూపాను. వాచీ చూసుకుంటే రెండున్నర అయింది. రోడ్డెక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను, ఆ తర్వాత ఆగలేదు. నడకలోనో, చేతులు జోడించడంలోనో నేనెవరో పోల్చుకుని పిలుస్తాడేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. అతను వంగి తెల్లకాయలు ఏరుతున్నాడు.